మందుల్లేని కాన్పు, అదీ ఆసుపత్రిలో: డూలా ఎంతవరకు, డాక్టర్ ఎక్కడి నుంచి

మందుల్లేని కాన్పు అనగానే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఓర్పు గురించే. ‘అంత నొప్పి పిల్ల తట్టుకుంటుందా?’ అంటారు. ప్రశ్న సబబే గానీ, అసలు చిక్కు వేరేచోట ఉంది. బిడ్డ తల కిందకి కుదురుకుని, నెలలు నిండి, నొప్పులు వాటంతట అవే మొదలైన ఆరోగ్యవంతురాలి విషయంలో దారి మారడం చాలాసార్లు ఇలా జరుగుతుంది: గర్భాశయ ముఖం రెండు సెంటీమీటర్లు తెరుచుకోగానే అడ్మిట్ అవుతుంది, మంచం దిగనివ్వరు, మధ్యాహ్నానికి నొప్పులు పెంచే డ్రిప్ ఎక్కుతుంది, సాయంత్రానికి ‘బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది’ అన్న మాట వినబడుతుంది. ఒక్కో మెట్టూ తర్వాతి మెట్టును లాక్కొస్తుంది. డూలా పని చాలావరకు ఈ మెట్ల దగ్గరే ఉంటుంది.

డూలా అంటే కాన్పు సమయంలో తల్లిని ఒక్క నిమిషం వదలకుండా కనిపెట్టుకుని ఉండే, అందుకు శిక్షణ తీసుకున్న సహాయకురాలు. మంత్రసాని కాదు, మిడ్‌వైఫ్ కాదు, నర్సు కాదు. లోపలి పరీక్ష చేయదు, బిడ్డ గుండె వినదు, బీపీ చూడదు, మందు ఇవ్వదు, ‘డాక్టర్ చెప్పింది వినకండి’ అని చెప్పదు. ఈ గీత దాటే డూలా దొరికితే ఎంత అనుభవం ఉన్నా మర్యాదగా వద్దనడమే మంచిది. మిడ్‌వైఫ్ సంగతి వేరు, ఆమె చేత్తో కాన్పు చేస్తుంది. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో మొదలై, తర్వాత దేశమంతటికీ మార్గదర్శకాలుగా వచ్చిన మిడ్‌వైఫరీ శిక్షణ అలాంటి నర్సుల కోసమే. డూలాకు మన దేశంలో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అంటూ ఏదీ లేదు. కాబట్టి సర్టిఫికెట్ కన్నా ఆమె ఎన్ని కాన్పుల్లో పక్కన ఉంది, ఏ ఆసుపత్రులు ఆమెను లోపలికి రానిస్తున్నాయి అన్నవే అడగాలి.

‘మందులు’ అంటే ఏవి

చాలామంది దృష్టిలో మందుల్లేని కాన్పు అంటే ఎపిడ్యురల్ (నొప్పి తెలియకుండా నడుంలోకి ఇచ్చే మత్తు) లేని కాన్పు. కానీ లేబర్ రూమ్‌లో మందులు నాలుగు పనులకి వాడతారు. నొప్పులు తెప్పించడానికి గర్భాశయ ముఖం దగ్గర పెట్టే జెల్, మిసోప్రోస్టాల్ మాత్ర. మొదలైన నొప్పులు పెంచడానికి ఆక్సిటోసిన్ డ్రిప్. నొప్పి తెలియకుండా ఉండటానికి ఎపిడ్యురల్, ట్రమడాల్ లాంటి ఇంజెక్షన్లు, కొన్నిచోట్ల పీల్చే గ్యాస్. ఇక నాలుగోది మన దగ్గర మామూలైపోయిన అలవాటు: ‘ద్వారం త్వరగా తెరుచుకోవడానికి’ అని డ్రోటావరిన్, వాలెథమేట్ ఇంజెక్షన్లు వేస్తూ పోవడం. కాన్పు నెమ్మదించినప్పుడు ఇలాంటి మందులు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. అయినా చాలా ఆసుపత్రుల్లో కేస్ షీట్ మీద ఇవి అడక్కుండానే వచ్చేస్తాయి. ఏ ఇంజెక్షన్ అయినా ‘ఇది దేనికి సిస్టర్?’ అని అడగడం తల్లి హక్కు. నొప్పుల మధ్యలో ఆమెకి ఆ మాట గుర్తుండదు, డూలా గుర్తు చేస్తుంది.

ఎపిడ్యురల్ గురించి రెండు అపోహలు ఇక్కడే తీసేయాలి. అది తీసుకుంటే సిజేరియన్ ఖాయం అన్నది నిజం కాదు. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సిజేరియన్లలో తేడా కనబడలేదు. జీవితాంతం నడుంనొప్పి వస్తుందన్న దానికీ ఆధారం లేదు. ఎపిడ్యురల్ వద్దనుకోవడానికి సరైన కారణాలు వేరు: లేచి తిరగాలని, బిడ్డను బయటికి తోసే ఊపు తనకే తెలియాలని, సెలైన్ గొట్టం, మూత్రపు గొట్టం, మానిటర్ బెల్టు ఒంటి మీద లేకుండా ఉండాలని. భయపడి వద్దనుకున్నవాళ్లు నొప్పి ముదిరాక రెండు భయాల మధ్య నలిగిపోతారు.

పక్కన మనిషి ఉంటే ఏమవుతుంది

ఇది మనసుకు ధైర్యం చెప్పడం దగ్గరే ఆగిపోయే విషయం కాదు. 2017లో కాక్రేన్ సమీక్ష 17 దేశాల్లోని 15,858 మంది తల్లుల సమాచారం పరిశీలించింది. కాన్పు పొడుగునా ఎవరో ఒకరు విడవకుండా తోడున్న తల్లుల్లో సిజేరియన్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి, నొప్పుల సమయం సగటున 40 నిమిషాల దాకా తగ్గింది, మందుల వాడకం కూడా తగ్గింది. కారణం శరీరంలోనే ఉంది. గర్భసంచిని ముడిచేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. భయం, వెలుతురు, తెలియని మొహాలు, ‘ఇంకా ఎంతసేపు’ అనే మాటలు అడ్రినలిన్‌ను పెంచుతాయి, అది ఎక్కువైతే తొలి దశలో నొప్పులు సన్నగిల్లుతాయి. ఇంట్లో ఐదు నిమిషాలకోసారి వస్తున్న నొప్పులు ఆసుపత్రి మంచం ఎక్కగానే పదిహేను నిమిషాలకి జారిపోవడం ఇందుకే. దాన్ని ‘నొప్పులు సరిపోవడం లేదు’ అని రాసుకుంటే, తర్వాతి అడుగు డ్రిప్పే.

ముందు ఆసుపత్రిని తేల్చుకోవాలి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5. ఇంత తేడా ఆడవాళ్ల ఒంటి తీరు వల్ల రాదు. ఒక్క డాక్టర్ మీద నడిచే నర్సింగ్ హోమ్‌లో, రాత్రంతా సాగే పద్నాలుగు గంటల కాన్పుకీ ముప్పావు గంట ఆపరేషన్‌కీ ఉన్న తేడా అర్థం చేసుకోవడం కష్టం కాదు. దాని మీద ముహూర్తాలు. మంచి నక్షత్రం చూసి కడుపు కోయించుకునే కుటుంబం, మందుల్లేని కాన్పు కావాలని అడిగే కుటుంబం ఒకే వెయిటింగ్ హాల్లో కూర్చుంటాయి. డాక్టర్‌కి ఎవరు ఏది అడుగుతున్నారో ముందే స్పష్టంగా తెలియాలి.

ఏడో నెలలోపే అడగాల్సిన ప్రశ్నలున్నాయి. మొత్తం సిజేరియన్ శాతం అడిగితే ‘మా దగ్గరికి హైరిస్క్ కేసులు వస్తాయి’ అనే జవాబు వస్తుంది. అందుకని ఇలా అడగండి: ‘తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందకి, నెలలు నిండాయి, నొప్పులు వాటంతట అవే వచ్చాయి – ఇలాంటివాళ్లలో మీ దగ్గర ఎంతమందికి ఆపరేషన్ అవుతోంది?’ కాన్పులను గ్రూపులుగా విడదీసే రాబ్సన్ వర్గీకరణలో ఇది మొదటి గ్రూపు. ఆసుపత్రులను పోల్చడానికి ఈ వర్గీకరణే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. లెక్క ఉంచుకునే ఆసుపత్రి వెంటనే చెబుతుంది, ఉంచుకోనిది నవ్వేస్తుంది. రెండూ జవాబులే. నొప్పుల్లో తిరగనిస్తారా, తాగనిస్తారా, ఎనిమా, షేవింగ్ అందరికీ చేస్తారా, వెల్లకిలా కాకుండా వేరే భంగిమలో కాన్పు చేసిన అలవాటు ఉందా, పొట్ట మీద ఒత్తుతారా అన్నవి తర్వాతి ప్రశ్నలు. పైనుంచి పొట్ట నొక్కడం ఇప్పటికీ చాలా లేబర్ రూముల్లో జరుగుతోంది. గర్భసంచికీ బిడ్డకీ ప్రమాదం కాబట్టి అది కూడదు.

డూలాను రానిస్తారా అని విడిగా అడగాలి. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించమంటోంది, 2017 డిసెంబర్‌లో లేబర్ రూముల నాణ్యత పెంచడానికి మొదలైన లక్ష్య కార్యక్రమం కూడా అదే చెబుతోంది. కానీ ‘ఒక్కరే’ అన్నచోట భర్తా, అమ్మా, డూలానా అన్న పేచీ వస్తుంది. అది లేబర్ రూమ్ గుమ్మం ముందు తేలేది కాదు. ముందే రాయించుకోవాలి.

మన దగ్గర ఇంకో మెలిక పుట్టింటి కాన్పు. సీమంతం అయ్యాక ఎనిమిదో నెలలో హైదరాబాద్ నుంచి గుంటూరుకో ఖమ్మానికో వెళ్తే, అప్పటిదాకా కుదుర్చుకున్న డాక్టరూ మారిపోతుంది, డూలా ఊరూ దూరమవుతుంది. డూలాలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు. పుట్టింటి ఊళ్లోనే కాన్పు అనుకుంటే, కనీసం 28 వారాలకల్లా అక్కడి ఆసుపత్రికి ఒకసారి వెళ్లి మాట్లాడి రావాలి. డూలా దొరకకపోతే పిన్నినో అక్కనో ఒకరిని ఎంచుకుని, తల్లితో పాటు కాన్పు తరగతులకు కూర్చోబెట్టాలి. ఎంచుకునేటప్పుడు ప్రేమ ఒక్కటే కొలత కాదు. నొప్పి చూసి ఏడ్చేసే అమ్మ కన్నా, నింపాదిగా నడుం పట్టే మేనత్త నయం.

ఇంట్లో ఎంతసేపు

దొంగ నొప్పులు నడిస్తే, స్నానం చేస్తే సర్దుకుంటాయి. అసలు నొప్పులు దగ్గరవుతూ, బలపడుతూ పోతాయి. తొలి కాన్పుకి సాధారణంగా పాటించే లెక్క: ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే సాగితే బయల్దేరడం. రెండో కాన్పుకి అంత ఆగకూడదు. ఆసుపత్రి గంట దూరంలో ఉంటే, దారిలో ట్రాఫిక్ ఉంటే ఆ మేరకు ముందుకు జరపాలి. ఐదు సెంటీమీటర్ల నుంచే అసలు చురుకైన దశ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతాయి. గంటకో సెంటీమీటర్ తెరుచుకోవాలన్న పాత కొలతను పట్టుకుని జోక్యం చేసుకోవద్దని కూడా అవే చెప్పాయి. ఐదు దాటాక తొలి కాన్పుకి పన్నెండు గంటల దాకా పట్టినా అది మామూలే.

లెక్క చూసుకోకుండా వెంటనే బయల్దేరాల్సిన సందర్భాలు: రక్తస్రావం, ఉమ్మనీరు పచ్చగా పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, తలపోటుతో కళ్లు మసకబారడం, 37 వారాల లోపు నొప్పులు, ఇంతకుముందు సిజేరియన్ అయి ఉండటం. ఉమ్మనీరు తేటగా పోయి నొప్పులు రాకపోయినా ఫోన్ చేయాలి, సమయం రాసిపెట్టుకోవాలి. 18 గంటలు దాటితే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మామూలు పద్ధతి, దాన్ని ‘మందు’ అని వద్దనకూడదు.

ఇంట్లో ఉన్నంతసేపూ తినాలి. ఇడ్లీ, రాగి జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఖర్జూరం. రాత్రి నొప్పులు మొదలైతే నడవొద్దు, పడుకోవాలి. తొలి ఆరు గంటల్లో మెట్లెక్కి దిగి ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకి ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఓపిక మిగలదు. డూలా ఈ దశలో ఫోన్‌లోనే ఉంటుంది. నొప్పి మధ్యలో తల్లి మాట ఆగిపోవడం ఫోన్‌లో వినబడినప్పుడు బయల్దేరుతుంది.

నొప్పి వచ్చిన నిమిషంలో

నొప్పి దాదాపు అరవై సెకన్లు. అందులో తారస్థాయి మధ్యలో ఇరవై, ముప్పై సెకన్లు. డూలా చేతులు పనిచేసేది అప్పుడే. తల్లి మంచం మీదకో గోడకో వంగి నిలబడుతుంది, లేదా గాలి నింపిన పెద్ద వ్యాయామ బంతి మీద కూర్చుని ముందుకు వాలుతుంది. బంతి కూర్చుంటే తుంటి మోకాళ్ల కన్నా కాస్త ఎత్తులో ఉండాలి, చాలామందికి 65 సెంటీమీటర్లది సరిపోతుంది. డూలా వెనక నిలబడి రెండు అరచేతులూ పిరుదుల పక్క కండ మీద ఆనించి, వేళ్లు వెన్నెముక వైపు ఉంచి, నొప్పి మొదలవుతుండగానే రెండు వైపుల నుంచీ లోపలికి, కాస్త పైకి అదుముతుంది. చేతి బలంతో చేస్తే పది నొప్పులకే భుజాలు పడిపోతాయి. మోచేతులు బయటికి పెట్టి, ఒంటి బరువు ముందుకు వాల్చి చేయాలి. భర్తలు సాధారణంగా చేసే పొరపాటు నడుం పైభాగంలో నొక్కడం. పని జరిగేది దానికి బెత్తెడు కింద. బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉంటే నొప్పంతా నడుంలోనే ఉంటుంది, అప్పుడు అరచేతి మడమతో వెన్ను అడుగున ఉండే చదునైన ఎముక మీద నిలకడగా ఒత్తితే ఎక్కువ సుఖం. ‘ఇంకొంచెం పైకా, కిందకా’ అనే ప్రశ్న నొప్పి తగ్గాకే. మధ్యలో అడిగితే తిట్లు ఖాయం, తప్పు తల్లిది కాదు.

శ్వాస విషయంలో వీడియోల్లో చూసి నేర్చుకున్న వేగపు ఊపిరి వద్దు. అది తల తిప్పి, వేళ్లకి తిమ్మిరి తెస్తుంది. ముక్కుతో పీల్చి, నోటితో నెమ్మదిగా వదులుతూ, దవడ వదులుగా, గొంతు కిందిస్థాయిలో ‘ఊ...’ అంటే చాలు. గొంతు సన్నగా కీచుమంటుంటే భుజాలు బిగిశాయని అర్థం.

ప్రతి రెండు గంటలకి మూత్రానికి వెళ్లాలి. చిన్న సంగతే గానీ చాలామంది మర్చిపోయేది ఇదే: నిండిన మూత్రాశయం బిడ్డ తలకు అడ్డం పడుతుంది. లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి సరిపోతుంది. ప్రమాదం లేని తల్లికి బిడ్డ గుండెను మొదటి దశలో 15–30 నిమిషాలకోసారి, తోసే దశలో ఐదు నిమిషాలకోసారి డాప్లర్‌తో వింటే చాలు, నిరంతరం సీటీజీ బెల్టు (బిడ్డ గుండెను ఆగకుండా నమోదు చేసే యంత్రపు బెల్టు) అక్కర్లేదు. డ్రిప్ పెడితే మాత్రం బెల్టు ఉండాల్సిందే. చేతి నరానికి క్యాన్యులా (సన్నని గొట్టం) పెట్టి ఊరికే మూసి ఉంచడం మంచి రాజీ: సెలైన్ స్టాండ్ వెంట తిరగక్కర్లేదు, అవసరమైతే నరం సిద్ధంగా ఉంటుంది.

ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల మధ్య వణుకు, వాంతి, ‘నా వల్ల కాదు, కోసేయండి’ అనే కేక వస్తాయి. కాన్పు గది బయట కూర్చున్న చుట్టాలు కంగారుపడి నిర్ణయాలు మార్చేసేది కూడా అప్పుడే. దీనికి డూలాలు వాడే ఉపాయం ముందే ఒక గుర్తు మాట అనుకోవడం. ఏ కేకలు పెట్టినా ఆ మాట అననంతవరకు మందు అడిగినట్టు కాదు. ఆ మాట అంటే బుజ్జగింపు ఉండదు. మూడు నొప్పులు చూసి, ఒకసారి పరీక్ష చేయించి, అప్పటికీ కావాలంటే ఎపిడ్యురల్‌కి చెప్పాలి. అడిగాక కూడా ఆపడం తోడు అనిపించుకోదు. మత్తు డాక్టర్ రాత్రిపూట ఆసుపత్రిలో ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా అన్నది అందుకే ముందుగా తెలుసుకోవాలి.

కాన్పు ఆగిపోయినట్టు అనిపిస్తే

ఐదారు సెంటీమీటర్ల దగ్గర కదలిక లేకపోతే ముందు చవకైన పనులు: మూత్రానికి పంపడం, లైట్లు తగ్గించడం, గదిలో మనుషుల్ని తగ్గించడం, నడుం మీద వేడినీళ్ల షవర్. తర్వాత భంగిమలు. చేతులూ మోకాళ్ల మీద అరగంట, పక్కకి తిరిగి మోకాళ్ల మధ్య వేరుశనక్కాయ ఆకారపు బంతి పెట్టుకుని ఒక్కో వైపు ఇరవై, ముప్పై నిమిషాలు. వీటికీ కదలకపోతే, నొప్పులు నిజంగానే పలచబడితే, డ్రిప్ అవసరమే. అప్పుడు కూడా అంతా అయిపోయినట్టు కాదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి అరగంటకోసారి పెంచమని, నొప్పులు కుదురుకున్నాక పెంచడం ఆపమని, డ్రిప్ స్టాండ్ పక్కనే నిలబడనివ్వమని అడగొచ్చు. పది నిమిషాల్లో ఐదుకి మించి నొప్పులు వస్తే మోతాదు ఎక్కువైనట్టు. బిడ్డకు తేరుకునే వ్యవధి దొరక్క గుండె చప్పుడు తగ్గేది అప్పుడే.

ఏ జోక్యానికైనా మొదటి ప్రశ్న ఒకటే: ‘తల్లికో బిడ్డకో ఇప్పుడు ప్రమాదం ఉందా?’ లేదంటే తర్వాతి ప్రశ్నలకి సమయం ఉంది: ఎందుకు, వేరే దారేమిటి, గంట ఆగితే ఏమవుతుంది. ఉందంటే ప్రశ్నలు చాలించాలి. బొడ్డుతాడు జారడం, బిడ్డ గుండె నిమిషానికి 110 కన్నా కిందకి పోయి పైకి రాకపోవడం, ఎక్కువ రక్తం పోవడం లాంటివాటిలో డూలా గోడ పక్కకి తప్పుకుని, తల్లి చెయ్యి పట్టుకుని, ఏం జరుగుతోందో తెలుగులో చెబుతూ ఉండటమే పని. బీపీ పెరిగినవాళ్లు, మాయ కిందకి ఉన్నవాళ్లు, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నవాళ్లు ఈ పద్ధతి మొత్తాన్నీ డాక్టర్‌తో విడిగా మాట్లాడుకోవాలి.

తోసే దశ, ఆ తర్వాత

పూర్తిగా తెరుచుకున్న వెంటనే ‘ముక్కు, ముక్కు, ఊపిరి బిగబట్టు’ అని అరవక్కర్లేదు. ఊపు వచ్చేదాకా ఆగి, వచ్చినప్పుడే తోస్తే చాలు. తొలి కాన్పుకి ఈ దశ మూడు గంటల దాకా పట్టొచ్చు. పక్కకి తిరిగి, లేదా మోకాళ్ల మీద ఉంటే కటి ఎముక వెనక్కి జరగడానికి చోటుంటుంది. వెల్లకిలా పడుకుంటే ఆ చోటు మంచానికి ఆనిపోతుంది. తల కనబడుతున్నప్పుడు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కింద అదిమి పెడితే పెద్ద చీలికలు తగ్గుతాయి. ఆ క్షణంలో తోయడం ఆపి ఊదమని చెప్పడం, తల నెమ్మదిగా రానివ్వడం ముఖ్యం. అందరికీ కింద కోత పెట్టాల్సిన అవసరం లేదు. చిరిగితే కుట్లకి ముందు మత్తు సూది తప్పకుండా వేయించుకోవాలి, ఓర్పు చూపించుకునే చోటు అది కాదు.

ఇక ఒక్క మందు విషయంలో ఎవరూ మొండిపట్టు పట్టకూడదు. బిడ్డ పుట్టగానే తొడకి వేసే ఆక్సిటోసిన్ 10 యూనిట్ల ఇంజెక్షన్ ప్రసవం తర్వాతి రక్తస్రావాన్ని ఆపడానికి. మన దేశంలో తల్లుల మరణాలకు పెద్ద కారణం ఆ రక్తస్రావమే. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్నచోట, అర లీటరు రక్తం పోయినా తట్టుకోలేని తల్లులు చాలామంది. ఆ ఇంజెక్షన్ వేసినా బొడ్డుతాడు కోయడం ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగొచ్చు, రెండింటికీ పేచీ లేదు. బిడ్డకి విటమిన్ కె 1 మిల్లీగ్రాము, తల్లి రక్తం నెగటివ్ అయి బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ కూడా ఇదే జాబితాలోవి.

తర్వాతి గంట బిడ్డ తల్లి ఛాతీ మీదే ఉండాలి. తూకం, స్నానం, చుట్టాల ఫొటోలు ఆగుతాయి. డూలా ఆ గంటలో తొలి పాలు పట్టించడంలో సాయం చేస్తుంది, బిడ్డ ముక్కు మూసుకుపోకుండా, రంగు మారకుండా గమనిస్తుంది, తల్లి కింద పరిచిన గుడ్డ మీద కన్నేసి ఉంచుతుంది. గుడ్డ పావుగంటలో నిండిపోతే, తల్లి కళ్లు తిరుగుతున్నాయంటే, పొట్ట మీద చేయి పెట్టినప్పుడు గర్భసంచి గట్టి ముద్దలా కాకుండా మెత్తగా తగిలితే, సిస్టర్‌ని పిలవడంలో క్షణం ఆలస్యం చేయకూడదు. తల్లి ఆరు గంటల్లోపు మూత్రానికి వెళ్లిందో లేదో చూసి, వెళ్లకపోతే డ్యూటీ డాక్టర్‌కి చెప్పమని ఇంట్లోవాళ్లకి అప్పజెప్పాకే డూలా బయల్దేరుతుంది.